ఆఫ్ క్లచ్

బండి వెనక్కి జారుతుందేమో అన్నదే కౌసల్యకు అన్నిటికన్నా పెద్ద భయం. ముందు ఏదైనా అడ్డం వస్తే కంటికి కనబడుతుంది, హారన్ కొట్టొచ్చు, కాలు నొక్కొచ్చు, ఏమీ చేతగాకపోతే కళ్లు మూసుకోవచ్చు. వెనక ఉన్నది మాత్రం మనల్ని నమ్ముకొని ఊరికే ఉంటుంది. ఈ పొద్దుగూకేవేళ ఆమెను నమ్ముకొని వెనక ఉన్నవాళ్లు ఇద్దరు. వెనక సీటులో దుప్పట్లో ముడుచుకొని, గొంతులో పిల్లికూతలతో బిడ్డ అఖిల. ఆ సీటుకూ వెనక, కారు బయట, మట్టిలో ఒక మోకాలు ఆనించి టైరు కింద రాయి సర్దుతున్న మామ. ఊరంతా ఆయన్ని ఐలన్న అంటుంది. కౌసల్య నోట ఆ పేరు ఎన్నడూ రాలేదు, కోడలు మామ పేరు పలకదు కాబట్టి. ఆమె కుడికాలు బ్రేకు మీద ఉంది, ఎడమకాలు క్లచ్ మీద ఉంది. రాయి టైరుకు తగిలిన చప్పుడు వినబడేదాకా వాటిని తీయడానికి లేదు. టక్కుమన్నది. కౌసల్య ఊపిరి వదిలింది కానీ బ్రేకు వదల్లేదు.

ఊళ్లో నుంచి బొంబాయి రోడ్డు ఎక్కే ఈ ఎత్తును అందరూ చడావు అంటారు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇది ఇంత ఎత్తు లేదు. పెద్ద రోడ్డుకు కంకర మీద కంకర, తారు మీద తారు పోస్తూ పోయారు, అది ఏటేటా లేచింది, ఊరి బాట ఎక్కడిదక్కడే పండుకొని ఉంది. ఇప్పుడు ఊరు దాటాలంటే ఎద్దు మూపురం ఎక్కినట్టు ఎక్కాలి. పైన నడిరోడ్డు మీద ఏదో లారీ యాక్సిల్ విరిగి కూలబడిందట. షిఫ్టు విడిచిన కంపెనీ బస్సులూ, ట్యాంకర్లూ, ఆర్టీసీ బస్సులూ ఒకదాని తోక ఒకటి పట్టుకొని నిలబడ్డాయి. ఆ వరుసలో ఎక్కడో సందు దొరికితే చడావు మీది నుంచి ఒక బండి పైకి పోతుంది, మిగిలినవి ఒక్క బండి పొడవు ముందుకు జరిగి మళ్లీ ఆగుతాయి. ఆమె ముందు కోళ్ల జాలీలు కట్టిన ట్రాలీ ఆటో ఉంది. కోళ్లు కూడా అలసిపోయి అరవడం మానేశాయి. ఒకటి మాత్రం జాలీలోంచి తల బయటపెట్టి ఆమెనే చూస్తున్నది, నువ్వు తోలేదేంది అన్నట్టు.

నిజమే, తాను తోలేదేంది. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు స్టీరింగు మామ చేతిలోనే ఉంది, పొద్దు ఇంకా ఉంది. మధ్యాహ్నం నుంచే అఖిలకు ఎగపోత మొదలైంది. ఆ వాసన వచ్చిన రోజు ఇంతే, ఏ కంపెనీ వదులుతుందో ఎవరికీ తెలియదు, అడిగితే ప్రతి గేటువాడూ పక్క గేటు చూపిస్తాడు, తడిగుడ్డ కాలినట్టు, కుళ్లిన గుడ్డులో చక్కెర పోసినట్టు ఒక వాసన వచ్చి ఊరి మీద కూర్చుంటుంది. బిడ్డ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం మొదలుపెడుతుంది. కౌసల్య వాము కాచి పట్టింది, వీపుకు వేడినూనె రాసింది, డాక్టరు ఇచ్చిన నీలం డబ్బా నోట్లో పెట్టి నొక్కింది, అది తుస్సుమని అయిపోయింది. ఇక పటాన్‌చెరు పోయి దవాఖానలో ఆవిరి మిషను పెట్టించక తప్పదు. భర్త చిన్నరాములు రెండో షిఫ్టులో ఉన్నాడు. షిఫ్టు విడిచేవేళ ఆటోలు దొరకవు, దొరికినా మనుషులు చీమల్లా వేలాడుతుంటారు. మామ మాట్లాడకుండా కారు తాళంచెవి తీసుకొని వాకిట్లోకి నడిచాడు. చడావు మీద వరుసలో ఆగారు. ఆగిన కొద్దీ పొద్దు జారింది. చెరుకుతోట వెనక సూర్యుడు ఎర్రగా సగం మునిగి, ఇంకా మునిగి, కనబడకుండా పోయాడు. అప్పుడు మామ ఇంజను బంద్ చేసి, బండిని గేరులోనే ఉంచి దిగి, రాయి పెట్టి, కారు చుట్టూ చెయ్యి ఆనించుకుంటూ నడిచివచ్చి ఆమె వైపు తలుపు తీసి పట్టుకొని నిలబడ్డాడు. ఆమె దిగి అటువైపు వెళ్లి ఆ సీట్లో కూర్చుంది. సీటు ఆయన వేడితో ఉంది. మామ కూర్చున్న చోట కోడలు కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు కాదు, అయినా ప్రతిసారీ ఆమె కొంగు దానంతట అదే భుజం చుట్టూ వస్తుంది, గేరు రాడ్డుకు చుట్టుకుంటుంది, మళ్లీ విడిపించుకోవాలి.

ఆ రాయి మామూలు రాయి కాదు, పగిలిన పొత్రం. అత్త బతికి ఉన్నప్పుడు రోట్లో పప్పు రుబ్బుతుంటే నిలువుగా రెండు ముక్కలైందట. ఒక ముక్క కోళ్లగూడు తలుపుకు పోయింది, రెండోది మామ ఎడ్లబండికి కట్టుకున్నాడు. చడావు మీద ఎడ్లు దమ్ము తీసుకునేటప్పుడు గిల్ల, ఆ కట్టె చక్రం, వెనక్కి తిరగకుండా దాన్ని పెట్టేవాడు. పొలం కంపెనీ గోడ లోపలికి పోయింది, ఎడ్లను కొండాపూర్ వాళ్లు కొనుక్కుపోయారు, బండి కట్టెలు వానకు నాని పొయ్యిలోకి పోయాయి, పొలానికీ ఎడ్లకూ వచ్చిన డబ్బులోంచే ఈ పాత మారుతి వచ్చింది. యాభై దాటినాక మామ డ్రైవింగ్ నేర్చుకున్నాడు, పెళ్లిళ్లకూ దవాఖానలకూ కిరాయి తోలాడు. హ్యాండ్ బ్రేకు తీగ తెగి ఎన్నాళ్లయిందో, చిన్నరాములు బాగు చేయిద్దామన్నప్పుడల్లా రాయి ఉన్నంక తీగెందుకురా అంటాడు. ఆయనకు ఇప్పటికీ ఇది ఎడ్లబండే. ఇంజను వేడెక్కితే ఎడ్లకు నీళ్లు తాపినట్టు బానెట్ మీద తడుతూ నీళ్లు పోస్తాడు. కౌసల్యకు డ్రైవింగ్ మొదటిరోజు చెప్పిందీ అదే, అంటే ఆమెకు కాదు, అఖిలకు చెప్పాడు.

మామ ఆమెతో నేరుగా మాట్లాడడు. ఆమె మామతో మాట్లాడదు. కోపమేమీ లేదు, ఆ ఇంటి పద్ధతి అది. అత్త ఉన్నప్పుడు మాటలు అత్త మీదుగా పోయేవి. అత్త పోయాక కొన్నాళ్లు ఇంట్లో మాటే లేదు, బువ్వ పెట్టిన చప్పుడు, చెంబు పెట్టిన చప్పుడు, అంతే. అఖిలకు మాటలు రాగానే మాటలన్నీ ఆ పిల్ల మీదుగా నడిచాయి. బిడ్డా, మీ అమ్మకు చెప్పు, కూరల ఉప్పు ఎక్కువైందని. అఖిలా, తాతకు చెప్పు, రేపటి నుంచి తగ్గిస్తనని. అందరూ ఒకే గదిలో ఉండగానే. డ్రైవింగ్ కూడా అట్లాగే నేర్చుకుంది, ఊరవతల వెంచర్‌లో, తెల్లసున్నం కొట్టిన ప్లాటు రాళ్ల మధ్య, పొద్దున్నే, ఇళ్లు ఇంకా లేవని చోట ఉన్న ఖాళీ రోడ్ల మీద. వెనక సీట్లో అఖిల రెండు ముందు సీట్ల మధ్య తల పెట్టి నిలబడేది. తాత క్లచ్ తొక్కమంటున్నడు అమ్మా. తాత గేరు ముంగటికి కొట్టమంటున్నడు. తాత నవ్వుతున్నడు. బోరింగు దగ్గర పక్కింటి మొగులమ్మ అడిగింది కదా, ఏం కౌసల్యా, మామను పక్కకు కూసోవెట్టుకొని యాడికి, బొంబయికా అని. నీ గోడ గుద్దనీకే వస్తున్న అత్తా అందామనుకుంది. కానీ బిందె ఎత్తుకొని వచ్చేసింది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట రెండుసార్లు పైకి అనుకొని నవ్వుకుంది.

ముందు ట్రాలీ కదిలింది. కోళ్లు కూశాయి. కౌసల్య తాళంచెవి తిప్పింది, గేరు వేసింది, వెనక మామ రాయి గుంజుకున్న చప్పుడు విన్నది, కుడికాలు బ్రేకు మీది నుంచి యాక్సిలేటరు మీదికి దూకించింది, ఆ దూకే రెప్పపాటులో కారు వెనక్కి పోయింది. నేల కింద నుంచి లాగేసినట్టు అనిపించింది. వెనక మామ అరవలేదు, రాయి మళ్లీ కింద పడ్డ చప్పుడు, టైరు దానికి కొట్టుకొని కారంతా ఒక్క కుదుపు. అఖిల నిద్రలో మూలిగింది. టైరుకు మామ ఒక మూరెడు దూరంలో ఉండి ఉంటాడు, లేదా ఇంకా దగ్గర. ఆయనకు ఈ వెలుతురులో రాయి కనబడుతుందో లేదో కూడా తెలియదు, చేత్తో తడుముకొని పెడుతున్నాడు. కిటికీలోంచి ఆయన గొంతు వచ్చింది, ఎప్పటిలాగే అఖిల పేరు పెట్టి, మీ అమ్మకు చెప్పు, ఆఫ్ క్లచ్ ఇయ్యాలెనని. అఖిల చెప్పలేదు. అఖిల నోరు తెరుచుకొని ఊపిరి కోసం పెనుగులాడుతున్నది, ఇక మధ్యవర్తిత్వం చేసే శక్తి ఆ పిల్లకు లేదు. మాట గాలిలోనే ఆగింది.

ఆఫ్ క్లచ్. వెంచర్‌లో కూడా ఈ మాట దగ్గరే బండి ఎన్నిసార్లు చచ్చిందో. తాత ఆఫ్ క్లచ్ అంటున్నడు అనేది అఖిల. వెంటనే కౌసల్య క్లచ్ మీది నుంచి కాలు తీసేసేది, మొత్తం, దీపం ఆర్పినట్టు. ఆఫ్ అంటే అదే కదా. లైటు ఆఫ్ చెయ్యి, మోటరు ఆఫ్ చెయ్యి, చిన్నరాములుకు ఆదివారం ఆఫ్, కంపెనీలో పని లేనప్పుడు మనుషులను ఇంటికి పంపించేదీ ఆఫే. కారు ఒక్కసారి గుర్రంలా ఎగిరి ఆగిపోయేది. మళ్ల సల్లవడ్డదని చెప్పు బిడ్డా మీ అమ్మకు అనేవాడు మామ. కోడలు బెదురుతున్నదని ఆయన అనుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తున్నా బండే మొండిదని ఆమె అనుకున్నది. ఇద్దరిలో ఒక్కరైనా ఎదురెదురుగా అడిగి ఉంటే తేలిపోయేది. చిన్నరాములును అడుగుదామంటే అతనికి ఇదంతా నవ్వులాట, నాయిన ఉండంగ నీకెందుకే స్టీరింగు అంటాడు, చెయ్యి కడుక్కొని మంచం మీద వాలిపోతాడు, అతనూ అలిసిపోయి వస్తాడు, గోళ్ల సందుల్లో కంపెనీ ఆకుపచ్చ మందు ఎంత తోమినా పోదు.

నాయిన ఉండంగ. అదే అతనికి తెలియని సంగతి. పోయిన చలికాలం అంగడికి వెళ్లి తిరిగివస్తుంటే చీకటి పడింది. మామ స్టీరింగు దగ్గర, అఖిల తల్లి ఒడిలో ముందు సీట్లో. మామ ఆట మొదలుపెట్టాడు, బిడ్డా ముంగట ఏమున్నది చెప్పు అని. తాతా లారీ. లారీకి ఎర్రలైటు ఉన్నదా బిడ్డా. ఉన్నది తాతా, రెండున్నయ్. అది కదులుతున్నదా, నిలవడ్డదా. తాతా బర్రె. ఏ పక్క. తినే చెయ్యి పక్క. కౌసల్య కూడా నవ్వుతూనే ఉంది కొంతసేపు. తర్వాత మామ మెడ మీద చెమట చూసింది, చలికాలంలో. ఆయన కళ్లు రోడ్డు మీద లేవు, చెవి పిల్ల నోటి దగ్గర ఉంది. ఆమె నవ్వు ఆగిపోయింది, పిల్లను గట్టిగా పట్టుకుంది, ఆట ఆగకూడదని తానే పిల్ల చెవిలో చెప్పడం మొదలుపెట్టింది, సైకిలు అను, గుంత అను, ఎడమకు అను. ఇల్లు చేరాక మామ చాలాసేపు కారు దిగలేదు. మరునాడు పొద్దున అఖిలను పిలిచి, తనకు రేచీకటి వచ్చిందని, పొద్దుగూకితే లైట్లు మచ్చలు మచ్చలుగా తప్ప మనుషులు ఆనడం లేదని, మీ అమ్మకు చెప్పు, మీ నాయినకు చెప్పొద్దని చెప్పు అన్నాడు. పిల్ల రెండూ చెప్పింది, ఇద్దరికీ చెప్పింది. తాతకు రాత్రి కండ్లు కనవడయట నాయినా అంటే చిన్నరాములు, నిద్రపోతే ఎవలకు కనవడయ్ బిడ్డా అని నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. ఆ వారమే మామ కారు తాళంచెవి దేవుడి గూట్లోంచి తీసి పొయ్యిగడ్డ మీద, ఆమె చేతికి అందేచోట పెట్టాడు. ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందం అంతే. పగలు ఆయన, చీకటిపడితే ఆమె. చీకటిపడేలోపు నేర్చుకోవాలి. కానీ వెంచర్ రోడ్లు పళ్లెంలా చదునుగా ఉంటాయి. చడావు ఎట్లా ఎక్కాలో నేర్చుకునే పాఠం రేపు మాపు అంటూ మిగిలిపోయింది.

మళ్లీ కదిలాయి. మళ్లీ అదే. ఈసారి వెనక్కి జారకుండా క్లచ్ మొత్తం వదిలేసింది, కారు ఎగిరి ఆగిపోయింది, ఇంజను చచ్చింది, ఆమె బ్రేకు మీద దాదాపు లేచి నిలబడింది. వెనక పాల క్యాన్ల మోపెడ్ అతను హారన్ కొట్టి, ఏంది పెద్దమనిషీ, ఇంట్ల మొగోళ్లు లేరా, ఆడామెకు ఇచ్చినవ్ అన్నాడు. మామ రాయి పెట్టుకుంటూనే, ఉన్నరు బిడ్డా, నీ అసొంటోళ్లకు ఎనక నిలవడి హారన్ కొట్టే పని ఇచ్చినం అన్నాడు. మోపెడ్ అతను నవ్వాడో ఏమో, హారన్ ఆగింది. కౌసల్యకు నవ్వు రాలేదు. అద్దంలో అఖిల పెదవులు చూసింది. నీలం పడలేదు ఇంకా. ఇంకా అనే మాట మనసులోకి వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. నిద్ర లేక ఎన్నాళ్లయింది. రాత్రంతా పిల్ల వీపు మీద చెయ్యి వేసి ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ పడుకుంటుంది, చెయ్యి తీస్తే ఊపిరి ఆగిపోతుందన్నట్టు, అదీ ఒక బ్రేకే, రాత్రంతా తొక్కిపట్టి ఉంచాల్సిన బ్రేకు. ఊరు మారండి, ఈ గాలి పడదు అన్నాడు డాక్టరు, మందుచీటీ రాసినంత సులువుగా. ఎక్కడికి మారాలి. కడుపు నింపేదీ ఈ గాలే.

పైన రోడ్డు అంచున ఒక ఆర్టీసీ బస్సు ఆగి ఉంది, సంగారెడ్డి నుంచి వస్తున్నది, జనం ఫుట్‌బోర్డు దాకా ఉన్నారు. బస్సు కదలకపోయినా కండక్టరు టికెట్లు కొడుతూనే ఉన్నాడు, కిటికీల్లోంచి అతని గొంతు చడావు మీదికి దిగివస్తున్నది. ఆ పిల్లకు ఆఫ్ తీసుకోవాలె అమ్మా, ఒడిల కూసోవెట్టుకుంటె కాదు, ఆఫ్ టికెట్ తియ్యి. కౌసల్య ఆ మాట విన్నది, వినలేదు, మళ్లీ విన్నది. ఆఫ్ టికెట్. ఆమె కూడా సంగారెడ్డి బడికి ఆఫ్ టికెట్ మీదే పోయింది, కొండాపూర్ దిక్కున తమ ఊరి నుంచి, తలకు ఎర్ర రిబ్బన్లతో, సంచిలో సద్దితో. ఏడో తరగతి చివర ఒకరోజు నాయిన పెంటయ్య కూడా బస్సులో ఉన్నాడు, విత్తనాల కోసం పోతూ. కండక్టరు ఆమెను కింది నుంచి పై దాకా చూసి, ఈ పిల్లకు ఆఫ్ ఏంది పటేలా, ఫుల్ మనిషి లెక్క అవుపడుతున్నది అన్నాడు. బస్సంతా నవ్వింది. నాయిన తల దించుకొని ఫుల్ టికెట్ తీసుకున్నాడు. ఇంటికి వచ్చి అమ్మతో ఏదో అన్నాడు. తర్వాత ఆమె ఆ బస్సు ఎక్కలేదు. ఎంత ఏడ్చింది అప్పుడు, ఇంకో రెండేళ్లు ఆఫ్‌గానే ఉంటానని, తిండి మానేస్తానని, పెరగనని. ఆఫ్ అంటే చిన్నది. ఆఫ్ అంటే నిండనిది. సగం. సగం టికెట్టు. సగం—

కౌసల్య ఎడమకాలి వైపు చూసుకుంది. చీకట్లో పాదం కనబడలేదు, మట్టెలు మాత్రం మెరిశాయి. సగం క్లచ్. ఆర్పడం కాదు, మామ ఇన్నాళ్లూ చెప్పింది సగమే వదలమని. సగం వదిలి, సగం పట్టుకొని, బండిని అటూ ఇటూ కాకుండా నిలబెట్టమని. ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరూ తప్పు వినలేదు, మధ్యలో హాఫ్‌లోంచి నాలుగేళ్ల పిల్ల నోరు తిరగక మింగేసిన చిన్న అక్షరం అంతే. పిల్లే కాదు, మామ కూడా అట్లాగే అంటాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ట్రాలీ కదిలింది. ఆమె మళ్లీ తాళంచెవి తిప్పి, గేరు వేసి, క్లచ్ మెల్లగా, పాలగిన్నె దించినట్టు, పైకి రానిచ్చింది. ఒకచోట ఇంజను గొంతు మారింది, బరువు నెత్తిన పెట్టుకున్న మనిషి గొంతులా. బానెట్ ముక్కు కొంచెం లేచింది. కారంతా వణికింది. అక్కడ కాలు ఆపింది. వెనక రాయి గుంజిన చప్పుడు. బ్రేకు వదిలింది. కారు పోలేదు, వెనక్కీ పోలేదు, ముందుకూ పోలేదు, చడావు మధ్యలో గాలికి ఆగిన గద్దలా నిలబడింది. ఆమె జీవితంలో అంత పెద్ద వస్తువు ఆమె మాట అట్లా ఎన్నడూ వినలేదు. యాక్సిలేటరు ఒక ఇసుమంత. ఒక బండి పొడవు ముందుకు పోయింది, మళ్లీ బ్రేకు. వెనక డిక్కీ మీద మామ అరచెయ్యి రెండుసార్లు చప్పుడు చేసింది, నాగటి సాలు చక్కగా కొట్టిన ఎద్దు వీపు తట్టినట్టు. అఖిలా, అన్నది ఆమె అలవాటుగా, తాతకు చెప్పు. అఖిల నుంచి ఈలలాంటి ఊపిరి మాత్రం వచ్చింది, ముందుకన్నా సన్నగా. సన్నబడితే తగ్గినట్టు కాదని ఆమెకు తెలుసు. లోపలికి గాలి పోవడమే తగ్గుతున్నది.

మామ కారు పక్కన చెయ్యి రాసుకుంటూ కిటికీ దాకా వచ్చాడు. చంకలో పొత్రం ముక్క. ముఖం ఆమె వైపు ఉంది కానీ చూపు ఆమె చెవి పక్కన ఎక్కడో ఉంది. అఖిల పేరు పిలుస్తాడని ఆగింది. పిలవలేదు.

"నీకే చెప్తున్న బిడ్డా," అన్నాడు. "పైన జాగ దొరికితే ఒక్కపారి ఎక్కాలె. ఎక్కినంక ఆగకు. నన్ను ఎక్కిచ్చుకుందమని ఆగితివా, ఎనక బస్సోడు గుద్దుతడు, లేకుంటె నువ్వు మళ్ల కిందికొస్తవ్. పోవుడే."

ఆమె నోరు తెరిచింది. ఇన్నేళ్లలో ఆయనతో అదే మొదటి మాట.

"చీకటైంది గద," అన్నది.

"రాయి ఉన్నది గద చేతుల," అన్నాడు మామ. ఆయన నవ్వాడు. "సక్కగ తోలినవ్ ఇప్పుడు. గట్లనే."

ఇంకేదో అనబోయి, కిటికీ అంచు మీద రెండు వేళ్లు ఆనించి తీసేశాడు, మళ్లీ వెనక్కి నడిచాడు, తడుముకుంటూ. ఆయన చెప్పుల చప్పుడు వింటూ కూర్చుంది. ఆ చప్పుడు సరిగ్గా టైరు దగ్గర ఆగింది. చడావు పైన యాక్సిల్ విరిగిన లారీని పక్కకు తోశారో ఏమో, ట్యాంకర్ల వరుస కదిలింది, ఎవరో టార్చిలైటు ఊపుతున్నారు, ట్రాలీ ఆటో కోళ్లతో సహా ఎగిరినట్టు పైకి పోయింది. ముందు ఖాళీ. ఆమె ముందు ఇన్నాళ్లకు ఏమీ లేదు. క్లచ్ లేపింది, గొంతు మారింది, ముక్కు లేచింది, వణుకు వచ్చింది, రాయి గుంజిన చప్పుడు వచ్చింది. ఇప్పుడు కారును పట్టుకొని ఉన్నది ఆమె ఎడమపాదం ఒక్కటే. ఆ పాదం కింద బిడ్డా, మామా ఇద్దరూ ఉన్నారు. కుడికాలు నొక్కింది. కారు మూపురం ఎక్కి, అంచు మీద ఒక్కక్షణం ఆకాశం తప్ప ఏమీ కనబడకుండా, పెద్ద రోడ్డు మీదికి దిగింది. ఎడమకు తిప్పింది. వెనక ఆర్టీసీ బస్సు లైట్లు కారు లోపలంతా తెల్లగా నింపాయి, హారన్ వెన్నులో దిగింది, టార్చి మనిషి పో పో అంటున్నాడు.

అద్దంలో చూసింది. చడావు అంచు దాకా ఎక్కి వచ్చాడు మామ, రాయి రెండు చేతులా పొట్టకు ఆనించుకొని. ఆమె వైపు చూడటం లేదు. తన కారు అనుకొని వేరే ఏదో కారు చప్పుడు వైపు ముఖం తిప్పి, దానికి తల ఊపుతున్నాడు, గట్లనే, గట్లనే అన్నట్టు. ఆయన కాళ్లు తారు మీద ఉన్నాయి, మట్టి మీద కాదు. అది ఆయనకు తెలుసో లేదో. పిలుద్దామని కిటికీలోంచి మెడ తిప్పింది, నోరు తెరిచింది, మామా అన్న మాట కూడా ఎన్నడూ పిలిచి ఎరగని గొంతు, హారన్లలో ఏమయిందో ఆమెకే వినబడలేదు. ముందుకు పోయాక ఎక్కడైనా పక్కకు ఆపొచ్చునేమో. ప్రతి పక్కనా లారీలు నిలబడి ఉన్నాయి. ఒకచోట ఖాళీ కనబడింది కూడా, పంక్చర్ షాపు దాటినాక, కనబడి వెనక్కి పోయింది. ఆగలేదు. వెనక సీట్లో ఈల ఆగి ఆగి వస్తున్నది. రెండో గేరు వేసింది. మూడో గేరు ఆమె ఎన్నడూ వేయలేదు, వేసింది.

ఇప్పుడు ఆమె పటాన్‌చెరులో, దవాఖాన బెంచీ మీద, బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని, ఆ చిన్న ముఖం మీద ఆవిరి మాస్కు పట్టుకొని ఉంది. ఆవిరి బిడ్డ ముక్కులోకి పోతున్నది, పక్కటెముకల గుంజుడు తగ్గింది, రంగు వస్తున్నది. చెయ్యి తీయడానికి లేదు. నర్సు చిన్నరాములు కోసం కంపెనీ గేటుకు ఫోను చేసింది, మోగుతున్నది, ఎవరూ ఎత్తడం లేదు. కౌసల్య ఎడమకాలు నేల మీద ఉండి కూడా ఇంకా సగమే ఆనింది. తలుపు దగ్గరికి ఎవరు వచ్చినా ఆమె ఒకటే అడుగుతున్నది, సంగారెడ్డి దిక్కు పోతున్నరా అని. అందరూ పటాన్‌చెరులోనే దిగేవాళ్లు. మీరు గనక ఆ దిక్కు పోతుంటే, పంక్చర్ షాపు దాటినాక, ఊరి బాట పెద్ద రోడ్డును కలిసే చడావు దగ్గర కొంచెం మెల్లగా పోండి. సగం పొత్రం పట్టుకొని ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు, లైట్లు వేసినా ఆయనకు మీరు కనబడరు, కాబట్టి దిగి దగ్గరికి వెళ్లండి. పిల్ల బాగానే ఉన్నదని చెప్పండి. చెయ్యి పట్టుకొని తారు మీది నుంచి మట్టి మీదికి తీసుకురండి. ఐలన్నా అని పేరు పెట్టి పిలవండి, ఆ పేరు పిలవడానికి ఆమెకు నోరు రాదు. ఉన్నాడో లేడో ఒక్కసారి చూడండి.